పీడీఎఫ్ ఉండగా కాగితం పుస్తకం ఎందుకు? ఒంటికి తెలిసే కారణాలు చెప్పండి

రామగిరి రీడర్ (నల్లగొండ)

అందరికీ నమస్కారం. వచ్చే నెల ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌కు వెళ్తున్నాం. మా నాన్నగారివి, నావి కలిపి రెండు బీరువాల పుస్తకాలున్నాయి. అటక మీద ఉన్నవి వేరే. అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "నాన్నా, వీటిలో సగం ఇంటర్నెట్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. మిగిలినవి స్కాన్ చేయించి నీ ట్యాబ్‌లో పెడతాను. ఫ్లాట్‌లో అంత జాగా లేదు" అన్నాడు. జాగా లేదన్నది నిజమే. వాడితో నాకు గొడవ లేదు.

కాకపోతే వాడికి చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు ఉండాలి. జ్ఞాపకాలు అని చెబితే కాదనడు. కానీ ఆ జ్ఞాపకాలు నావి, వాడివి కావు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. కాగితం మీద చదువుతున్నప్పుడు చేతికి, ముక్కుకు, చెవికి అందేది ఏమిటి? తెర మీద అందనిది ఏమిటి? మీ మీ పనుల్లో, చదువుల్లో గమనించింది వివరంగా రాయండి.

నేను గమనించింది ముందు చెబుతా. నవల చదువుతుంటే ఎడమ చేతి కింద మందం పెరుగుతూ పోతుంది, కుడి చేతి కింద తరుగుతూ వస్తుంది. ఇంక కొద్ది కాగితాలే ఉన్నాయని బొటనవేలికి తెలిసిన దగ్గర్నుంచి నా చదువు తీరే మారిపోతుంది. ఒక్కో వాక్యం దగ్గర ఆగుతా. ఒకోసారి కావాలనే మూసి పక్కన పెడతా, రేపటికి కొంచెం మిగలాలని. ట్యాబ్‌లో అదే చోట "94 శాతం" అని చూపిస్తుంది. ఆ అంకె చూస్తే నాకు ఆగాలనిపించదు, త్వరగా ముగించాలనిపిస్తుంది.

కెమిస్ట్రీ మేడమ్ (మహబూబ్‌నగర్)

వాసన సంగతి నేను చెబుతాను సార్, నా సబ్జెక్టు కాబట్టి.

కాగితం చెట్ల గుజ్జుతో తయారవుతుంది. అందులో సెల్యులోజ్, లిగ్నిన్ అని రెండు ముఖ్యమైన పదార్థాలుంటాయి. చవక కాగితంలో, అంటే న్యూస్‌ప్రింట్ లాంటి దానిలో, లిగ్నిన్‌ను పూర్తిగా తీసేయరు. గాలి, వెలుతురు తగిలేకొద్దీ అది మారిపోతూ కాగితాన్ని పసుపు రంగులోకి తెస్తుంది. లిగ్నిన్ విరిగినప్పుడు పుట్టే వాటిలో వెనిలిన్ ఒకటి. ఐస్‌క్రీమ్‌లో వెనీలా వాసన దానిదే. సెల్యులోజ్ వైపు నుంచి ఫర్‌ఫ్యూరాల్ వస్తుంది, దానికి బాదం పప్పు లాంటి వాసన. వీటికి తోడు అసిటిక్ ఆమ్లం పులుపు కొంచెం. పాత పుస్తకం తెరవగానే తియ్యగా, కాస్త పుల్లగా, మట్టి మట్టిగా అనిపించేది ఈ కలయిక వల్లే. 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు పాత కాగితాల నుంచి వచ్చే ఈ ఆవిరులను కొలిచి, వాసనను బట్టి కాగితం ఏ స్థితిలో ఉందో పుస్తకానికి ఏ హానీ చేయకుండా చెప్పొచ్చని చూపించారు. అంటే బీరువా తెరవగానే మీ ముక్కు పట్టుకునేది ఊహ కాదు సార్, అది కాగితం వయసు.

కొత్త పుస్తకం వాసన వేరు. అది సిరా, జిగురు, కాగితం తయారీలో వాడే రసాయనాలది. జూన్‌లో బడి తెరిచిన వారం ఏ ప్రభుత్వ బడికైనా వెళ్లి చూడండి. మా మండలంలో కొన్ని ఇళ్లకు ఆ పాఠ్యపుస్తకాలే ఏడాదికి వచ్చే కొత్త పుస్తకాలు. కట్ట విప్పి చేతికివ్వగానే పిల్లలు పేరు రాసుకోరు, బొమ్మలు చూడరు. మధ్యకు తెరిచి ముఖం అందులో పెడతారు. ఎవరూ నేర్పని పని అది. ఒకటో తరగతి పిల్లలు కూడా చేస్తారు, అప్పటికి అక్షరం రాకపోయినా.

ఇంకో సంగతి. కాగితం చుట్టూ ఉన్న వాసనలను పీల్చుకుంటుంది. దేవుడి గూటి పక్కన పెట్టిన పుస్తకానికి కర్పూరం, బట్టల బీరువాలో పెట్టినదానికి కలరా ఉండలు, వంటింటి అటక మీదిదానికి పొగ. ఒకే అచ్చులో వచ్చిన రెండు ప్రతులు ముప్పై ఏళ్లు రెండు ఇళ్లలో ఉంటే రెండు వేర్వేరు వస్తువులైపోతాయి. మీ నాన్నగారి ప్రతికి బదులు అదే పుస్తకం ఇంకో ప్రతి తెచ్చినా అది ఇదవదు.

కొల్లాపూర్ కోడర్ (ఉద్యోగం గచ్చిబౌలి)

సార్, మీ అబ్బాయి తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా. నేను మాట్లాడతా.

నా చదువంతా ఫోన్‌లోనే. కొల్లాపూర్ బస్సులో నాలుగైదు గంటలు కూర్చుంటే నిలబడ్డ వాళ్ల బ్యాగులు ఒళ్లోకి వస్తాయి, అక్కడ పెద్ద పుస్తకం తెరిచే వీలుండదు. రాత్రి పాప పక్కన లైటు తీసేసి చదువుకుంటా. అమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు రెండేళ్లు అక్షరాలు పెద్దవి చేసి చదువుకోగలిగింది ట్యాబ్‌లోనే. ఆ రోజుల్లో ట్యాబ్ లేకపోతే ఆమెకు చదువే ఉండేది కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, మా సంస్థానాల వైపు వందేళ్ల నాడు అచ్చయిన పుస్తకాలు నేను చదివానంటే అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రభుత్వ పథకం) స్కాన్ల పుణ్యమే. ఆ ప్రతులు ఏ ఊళ్లో ఏ బీరువాలో ఉన్నాయో నాలాంటివాడికి తెలిసే దారే లేదు.

ఇక పరిశోధనల మాట వస్తుందని ముందే చెబుతున్నా. 2018లో 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. సమాచారం, పాఠాలు చదివేటప్పుడు కాగితానిదే పైచేయి అని తేలింది. కథల దగ్గర మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సార్ బీరువాల్లో ఎక్కువ కథలు, నవలలే ఉండి ఉంటాయి.

క్లాక్‌టవర్ పిల్ల (నల్లగొండ)

అన్నా, ఆ విశ్లేషణలో మిగతాది కూడా చెప్పాలి. టైమ్ పెట్టి చదివించినప్పుడు తెర మీద చదివినవాళ్లు ఇంకా వెనకబడ్డారు. పైగా 2000 నుంచి 2017 దాకా ఆ తేడా తగ్గలేదు, పెరిగింది. అలవాటైతే సర్దుకుంటుందని అనుకోవడానికి లేదు.

నేను గ్రూప్స్‌కు చదువుతున్నా. రోజూ జిల్లా గ్రంథాలయం రీడింగ్ రూమ్‌లో కూర్చుంటా. మా మెటీరియల్ అంతా టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌గానే వస్తుంది. వచ్చిన వెంటనే అందరం చేసే పని, జిరాక్స్ షాపుకు పోయి ప్రింట్ తీయించి స్పైరల్ వేయించుకోవడం. డబ్బులకు ఇబ్బంది పడేవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు కలిసి ఒక కాపీ తీయించుకుంటారు. ఫోన్ చేతిలోనే ఉంటుంది, ఫైలు అందులోనే ఉంటుంది, అయినా డబ్బులు పెట్టి కాగితం కొనుక్కుంటాం. ఎందుకో సార్ అడిగారు కాబట్టి ఆలోచించి రాస్తున్నా.

పరీక్ష హాల్లో జవాబు గుర్తుకు రాకముందు దాని చోటు గుర్తుకొస్తుంది. ఎడమ పేజీ, కింది భాగం, పటం పక్కన, నేను ఎర్ర పెన్నుతో గీసిన గీత. ఆ చోటు పట్టుకుంటే మాట దానంతట అదే వస్తుంది. ఫోన్‌లో అన్ని మాటలూ ఒకే చోట, స్క్రీన్ మధ్యలో కనిపించి పైకి వెళ్లిపోతాయి. దేనికీ అడ్రస్ ఉండదు. నార్వేలో 2013లో 72 మంది పదో తరగతి పిల్లలకు ఇలాగే పరీక్ష పెడితే కాగితం మీద చదివినవాళ్లే బాగా అర్థం చేసుకున్నారు. చదువుతున్నది మొత్తంలో ఎక్కడుందో చేతికీ కంటికీ తెలియకపోవడం ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులు అన్నారు. సార్ బొటనవేలి మాట, ఇదీ ఒకటే.

బాల్‌పెన్నుతో గట్టిగా గీస్తే పేజీ వెనక గీత ఉబ్బుతుంది. రివిజన్‌లో వెనక పేజీ చదువుతూ ఆ ఉబ్బు వేలికి తగిలితే ముందు పేజీలో ముఖ్యమైనది ఉందని తెలుస్తుంది. నేను గట్టిగా గీయడం అందుకే.

ట్రెడిల్ తాత (సూర్యాపేట)

అమ్మాయి ఉబ్బు గురించి రాసింది. నేను దాని మీద బతికిన మనిషిని. కంపోజిటర్‌గా, అంటే సీసపు అక్షరాలు ఏరి పేజీ కూర్చేవాడిగా పనిచేశాను, తర్వాత సొంతంగా చిన్న ప్రెస్సు పెట్టుకున్నాను.

రామగిరి సార్, మీ నాన్నగారి పుస్తకాల్లో 1980కి ముందువి ఒకటి తీయండి. లోపలి పేజీ ఒకటి పట్టుకుని వెనక వైపు వేళ్ల కొసలతో మెల్లగా రాయండి. చిన్న చిన్న గరుకులు తగులుతాయి. అదే కాగితాన్ని దీపానికి అడ్డంగా, ఏటవాలుగా పట్టి చూడండి. అక్షరాలు లోపలికి దిగి ఉంటాయి. మీరు తాకేది సిరాను కాదు, సీసపు అచ్చు కాగితాన్ని నొక్కిన చోటును. ఫుల్‌స్టాప్ ఉన్న చోట ఒక్కోసారి సూదితో పొడిచినట్టే ఉంటుంది. పల్చటి కాగితమైతే అవతలికి కూడా పోతుంది.

ఆ అక్షరాలు సీసం, తగరం, యాంటిమొనీ కలిపి పోత పోసినవి. ఇంగ్లిష్ కంపోజింగ్‌కు అక్షరాల గళ్లుండే ఒక కేసు ముందు నిలబడితే సరిపోయేది. తెలుగుకు గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాలు అన్నీ వేరువేరు గళ్లలో ఉండేవి. చుట్టూ కేసులు పెట్టుకుని చేతులు చాచి ఏరుకోవాలి. చూడకుండా తీసేవాళ్లం. ఏ గడిలో ఏ ఒత్తు ఉందో చేతికే తెలుసు. అక్షరాలు తిరగేసి ఉంటాయి కాబట్టి లైను మొత్తం తిరగేసే చదవాలి. పని అయ్యాక ఫారాన్ని, అంటే కూర్చి బిగించిన పేజీల అచ్చును, కిరోసిన్‌తో కడిగి, మళ్లీ ప్రతి అక్షరాన్నీ దాని గడిలో వేసేవాళ్లం.

అరిగిన టైపు కూడా పుస్తకంలో కనిపిస్తుంది. ఒక ప్రెస్సులో కొమ్ము విరిగిన "ఘ" ఉంటే అది వేసిన ప్రతి పుస్తకంలో ఆ విరుపు వస్తుంది. అట్ట ఊడిపోయి ముందు పేజీలు లేని పుస్తకం తెచ్చి ఇస్తే అది ఏ ఊరి ప్రెస్సు పనో చెప్పగలిగినవాళ్లు ఉండేవారు.

ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చాక ఈ నొక్కుడు పోయింది. అందులో అచ్చు కాగితాన్ని నేరుగా తాకదు, రబ్బరు దుప్పటి మీదికి దిగి అక్కడి నుంచి కాగితానికి అంటుతుంది. పని శుభ్రంగా ఉంటుంది, త్వరగా అవుతుంది, నేను తప్పు పట్టను. కానీ చెయ్యి రాస్తే ఏమీ తగలదు. స్కాన్‌లో అయితే తగలడానికి కాగితమే లేదు. మీ అబ్బాయికి ఏదీ చెప్పొద్దు సార్. కళ్లు మూసుకోమని ఒక పాత పుస్తకం, ఒక కొత్త పుస్తకం చేతికివ్వండి. ఏది ఏదో వాడే చెబుతాడు.

ఆరు చుక్కలు (మహబూబ్‌నగర్)

తాతగారి మాట చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాకు చూపు లేదు. ఈ చర్చను ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటున్నా, రాస్తున్నా. నేను పిల్లలకు బ్రెయిలీ, అంటే వేలితో తడిమి చదివే ఉబ్బు చుక్కల లిపి, నేర్పుతాను.

మీరంతా పుస్తకం కంటితో చదువుతూ వేలితో ఆనందిస్తారు. నాకు రెండూ ఒకే చోట. మా పుస్తకం కాగితం దళసరిగా ఉంటుంది, పల్చటిదైతే చుక్క నిలబడదు. మీకు వంద పేజీల పుస్తకం మాకు ఒక్కోసారి రెండు మూడు పెద్ద సంపుటాలవుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, చుక్కలు అణిగిపోతాయి. నిలువుగానే పెట్టాలి. తెలుగుతో పాటు చాలా భారతీయ భాషలు ఒకే పద్ధతిలో రాసుకునేలా 1951లో భారతి బ్రెయిలీ కుదిరింది. గుణింతం అక్షరం మీద ఎక్కదు, పక్కన ఇంకో గడిగా (ఆరు చుక్కల చోటుగా) వస్తుంది. అందుకే తెలుగు వాక్యం వేలి కింద పొడుగ్గా సాగుతుంది.

ఎక్కువమంది చదివిన పేజీ నాకు వెంటనే తెలుస్తుంది. చుక్కలు మెత్తబడి ఉంటాయి. కథలో ఉత్కంఠ ఉన్న చోట, పాటలున్న పాఠం దగ్గర పేజీ అరిగి ఉంటుంది. వ్యాకరణం పేజీలు కొత్తగానే ఉంటాయి. నాకంటే ముందు చదివిన పిల్లలు ఏది ఇష్టపడ్డారో నా వేలికి అలా తెలుస్తుంది.

కోడర్ అన్న చెప్పినట్టు యంత్రాల మేలు నాకన్నా ఎవరికి తెలుసు? ఫోన్ గొంతు లేకపోతే వార్తాపత్రిక నాకు లేదు. బ్రెయిలీ డిస్‌ప్లే అని ఒక పరికరం కూడా ఉంది, చుక్కలు పైకి లేస్తూ దిగుతూ ఉంటాయి. మంచిదే. కానీ అందులో సాధారణంగా ఒకసారికి ఒక్క వరుసే, ఇరవై నుంచి నలభై గళ్లు. వరుస అయిపోగానే అదే చోట ఇంకో వరుస లేస్తుంది. పేజీ ఉండదు. పైన, కింద, అంచు అనేవి ఉండవు. పద్యానికి నాలుగు పాదాలున్నాయని కాగితం మీద అరచెయ్యి పెడితే చాలు తెలుస్తుంది. ఆ పరికరంలో నాలుగుసార్లు చదివి లెక్క పెట్టుకోవాలి. పిల్లలకు పద్యం నేర్పేటప్పుడు నేను ఎప్పుడూ కాగితమే ఇస్తాను. ముందు అరచెయ్యి పెట్టమంటాను, ఆ తర్వాతే వేలు.

కొల్లాపూర్ కోడర్

ఆరు చుక్కల సార్, "పైన, కింద, అంచు అనేవి ఉండవు" అన్న మీ మాట ఈ చర్చ మొత్తంలో నాకు బాగా దిగింది. నా ఫోన్‌లోనూ అంతే కదా. అక్షరం సైజు మారిస్తే పేజీయే మారిపోతుంది. నిన్న ఎడమ పక్క ఉన్న వాక్యం ఇవాళ ఇంకెక్కడో ఉంటుంది. స్కాన్ పీడీఎఫ్‌లో పేజీ కదలదు కానీ మామూలు పుస్తకం (డెమ్మీ) సైజు పేజీ ఫోన్ తెరలో పట్టదు. వేళ్లతో పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి, మొత్తం ఒకసారి కనబడదు.

అయినా అమ్మ ట్యాబ్ మాట వదులుకోను. బస్సు మాట కూడా.

మిర్యాలగూడ అక్క

మా అమ్మ దగ్గర ఉన్నవి ఏ స్కాన్‌లోనూ దొరకవు, చెబుతా వినండి.

వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే రోజుల్లో అమ్మ, పక్కింటి పిన్ని, వెనక వీధి టీచరమ్మ ముగ్గురూ తలా ఒక పత్రిక కొనేవారు. మార్చుకుని చదివేవారు. అందరివీ అయ్యాక సీరియల్ పేజీలు కత్తిరించి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట వేసేవారు. ఆ సీరియల్ తర్వాత నవలగా అచ్చయి ఉండొచ్చు. కానీ ఈ కుట్టుడు పుస్తకం అది కాదు. వెనక పేజీల్లో సగం జోకు, తెగిపోయిన వంటల పేజీ, సబ్బుల ప్రకటన, ఎవరో పాఠకురాలి ఉత్తరం చివరి నాలుగు లైన్లు. ఒక వారం పత్రిక దొరకలేదు. అక్కడ రూళ్ల కాగితం మీద టీచరమ్మ తన చేతిరాతతో ఆ వారం కథను క్లుప్తంగా రాసి కుట్టింది. ఆ కాగితం దగ్గరికి వచ్చేసరికి చేతికి తేడా తెలుస్తుంది, న్యూస్‌ప్రింట్ మెత్తదనం పోయి నోటు పుస్తకం నున్నదనం వస్తుంది.

శబ్దం కూడా ఉంది. న్యూస్‌ప్రింట్ పేజీ తిప్పితే దాదాపు చప్పుడే కాదు. మ్యాప్‌లితో, అంటే తెల్లటి నున్నటి అచ్చు కాగితం, టపటపలాడుతుంది. మెరిసే ఆర్ట్ పేపర్ బరువుగా, చల్లగా పడుతుంది. మధ్యాహ్నం అమ్మ పక్క గదిలో పేజీలు తిప్పే చప్పుడు వింటే ఆమె ఏ పుస్తకంలో ఉందో మాకు తెలిసేది. చప్పుడు ఆగిపోతే నిద్రపోయిందని అర్థం.

అద్దె పుస్తకాల షాపుల సంగతి ఎవరూ రాయలేదేమిటి? నవలలన్నిటికీ ఒకే ఖాకీ అట్ట, వెన్ను మీద నంబర్. ఒకదాన్నొకటి గుర్తుపట్టేది అరుగుదలను బట్టే. మూలలు గుండ్రంగా అరిగి, మెత్తగా అయిపోయిన పుస్తకం కనిపిస్తే అందరూ చదివారని అర్థం. షాపతన్ని అడగాల్సిన పని లేదు.

గద్వాల చేను

అక్క రాసింది చదివాక మందం గురించి నాకు తోచినది రాస్తా.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా మా వైపువారు సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 354 మంది కవులు. 1926లో తాను మొదలుపెట్టిన గోలకొండ పత్రిక ద్వారా ఊరూరా ఉన్న కవులకు కబురు పెట్టి, వివరాలు తెప్పించుకుని అచ్చు వేశారు. దాని పీడీఎఫ్ నేను చాలాసార్లు చూశాను. కావలసిన కవి పేరు వెతికి, ఆ పద్యం చదివి మూసేసేవాణ్ని. ఒకసారి మా మాస్టారి ఇంట్లో పుస్తకాన్నే చేతుల్లోకి తీసుకున్నా. అప్పుడు ఒక్క పద్యం కూడా చదవలేదు. బరువు చూసుకుంటూ నిలబడిపోయా. లేరు అన్నవారికి ఆ మందమే జవాబు. పద్యాలు చదవకముందే, చేతిలో పెట్టగానే, వాదన గెలిచినట్టే. ఫోన్‌లో ఒక కవీ, 354 మంది కవులూ ఒకే బరువు.

రామగిరి సార్, మీ ఊళ్లోనే 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారి నీలగిరి పత్రిక వచ్చేది. మీ నాన్నగారి అటక మీద పాత పత్రికల కట్టలుంటే ఎవరికీ ఇచ్చేయకండి, ముందు విప్పి చూడండి.

అట్ట దారం (జడ్చర్ల)

అందరూ మంచిగ రాశారు. నేను బైండింగ్ చేస్తా. సార్‌కు నెల రోజుల్లో ఇల్లు మారే పని ఉంది కాబట్టి పనికొచ్చే మాటలు చెబుతా.

ముందు స్కాన్ గురించి. స్కాన్ చేసేవాళ్లను జర గట్టిగా అడగండి, వెన్ను కోస్తారా కోయరా అని. త్వరగా కావాలంటే కట్టింగ్ మిషన్‌లో పెట్టి వెన్ను కోసేసి విడి కాగితాలు చేస్తారు. పని అయ్యాక అవి తిరిగి ఇచ్చినా లాభం లేదు. దారంతో కుట్టిన పుస్తకం ఒకసారి వెన్ను పోయిందంటే మళ్లీ అలా కుట్టలేం, మడతలే ఉండవు కదా. కోయకుండా పైనుంచి కెమెరాతో తీసేవాళ్లుంటారు, అలాంటివాళ్లకే ఇవ్వండి.

ఏది ఉంచుకోవాలో తేల్చుకోవడానికి, పుస్తకం మూసి వెన్ను పైభాగం చూడండి. కాగితాలు చిన్న చిన్న కట్టలుగా మడిచి, వాటి మధ్య దారం కనిపిస్తే అది కుట్టుడు పుస్తకం. బల్ల మీద తెరిచి పెడితే పడుకుంటుంది, చెయ్యి తీసినా మూసుకోదు. దానికి మళ్లీ జీవం పోయొచ్చు. వెన్ను అంతా నున్నగా ఒకే జిగురు పట్టీ ఉంటే అది గమ్ బైండింగ్. పూర్తిగా తెరిస్తే పటుక్కుమంటుంది, ఎండలకు జిగురు ఎండి పేజీలు రాలతాయి. మన వైపు మే నెలలో వేడి ఎట్లుంటదో చెప్పే పని లేదు. రేకుల ఇంటి అటక మీద ఇంకా ఎక్కువ.

చిరిగిన చోట సెల్లో టేప్ వేయొద్దు. కొన్నేళ్లకు టేప్ ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమ రంగు మచ్చ మిగులుతుంది. దాన్ని తీయడం చాలా కష్టం. పల్చటి టిష్యూ కాగితం, పిండి జిగురు చాలు. నేను మైదా ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తా, పురుగు రాదు. తుత్తం విషం, ఇంట్లో పిల్లలుంటే మీరు చేయొద్దు. ఎండలో ఆరబెట్టొద్దు, నీడలో గాలికి పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది.

కెమిస్ట్రీ మేడమ్

బైండర్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్క మాట కలుపుతా. సిరా పాకకుండా పాత కాగితానికి పటిక కలిపేవారు. దానివల్ల కాగితంలో ఆమ్లం ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ అది కాగితాన్ని త్వరగా పెళుసు చేస్తుంది. పేజీ మూల మెల్లగా మడిస్తే విరిగిపోతోందంటే అలాంటివాటిని మాత్రం స్కాన్ చేయించి, చేత్తో తిప్పడం తగ్గించండి. అక్కడ మీ అబ్బాయి ట్యాబ్ ఆ పుస్తకాన్ని కాపాడుతుంది.

రామగిరి రీడర్

అందరికీ చేతులెత్తి నమస్కారం. రెండు రోజులుగా ఇంట్లో ఇదే పని.

తాతగారు చెప్పినట్టు అబ్బాయి వచ్చినప్పుడు కళ్లు మూసుకోమని రెండు పుస్తకాలు ఇచ్చాను. అట్టలను బట్టి తెలిసిపోకుండా లోపలి పేజీలే తాకమన్నాను. వెంటనే చెప్పేశాడు. ఆ తర్వాత పాతదాన్ని చాలాసేపు వదల్లేదు. వెనక పేజీలు ఒక్కొక్కటీ రాసి చూస్తూ "ఇది ఎక్కువ నొక్కుకుంది, ఇది తక్కువ" అన్నాడు. నేను దేని గురించీ వాదించలేదు.

ఇలా తేల్చుకున్నాం. ఒక బీరువా మాతో వస్తుంది. కుట్టుడు పుస్తకాలు, నాన్నగారు అంచుల్లో రాసుకున్నవి, 1980కి ముందు అచ్చయినవి అందులో. పెళుసుబారినవి వెన్ను కోయకుండా స్కాన్ చేయించే బాధ్యత అబ్బాయిది. నాకు రాత్రి పూట చదవడానికి ట్యాబ్ కూడా ఉంటుంది, కోడర్ బాబు అమ్మగారి మాట నాకు నచ్చింది. మిగిలిన పుస్తకాలు, ముఖ్యంగా చరిత్ర, భూగోళం, నిఘంటువులు, ఊళ్లోనే చదివేవాళ్లకు ఇవ్వాలని ఉంది. అటక మీద పాత పత్రికలు కూడా ఉన్నాయి. గద్వాల తమ్ముడి మాట ప్రకారం ఇంకా కట్టలు విప్పుతున్నాం.

క్లాక్‌టవర్ పిల్ల

సార్, నిఘంటువులు మా రీడింగ్ రూమ్‌కు ఇవ్వండి. ఉన్నవాటి అట్టలు ఊడిపోయాయి, "క" నుంచి మొదలవుతుంది ఒకటి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అందరం కడుతున్నాం, అయినా కొత్త పుస్తకాల కోసం ఎదురుచూపులే. నేను లైబ్రేరియన్ గారిని అడిగి చెబుతా. ఆటో మాట్లాడుకుని మేం నలుగురం వచ్చి మోసుకుపోతాం.

ఆరు చుక్కలు

పిల్లల కథల పుస్తకాలు ఏవైనా ఉంటే నాకు చెప్పండి సార్. చదివి వినిపించేవాళ్లు దొరికితే నేను బ్రెయిలీలో పొడుచుకుంటాను. బొమ్మలు లేకపోయినా పరవాలేదు.

మిర్యాలగూడ అక్క

ఆరు చుక్కల సార్, నేను చదువుతా. ఫోన్‌లో రోజూ సాయంత్రం వీలవుతుంది. నెమ్మదిగా, ఒత్తులు స్పష్టంగా చదవగలను.

అట్ట దారం

రామగిరి సార్, బీరువాలో పోయేవాటిలో అట్టలు ఊడినవి ఉంటే పోయేముందు తెండి. నల్లగొండ నుంచి మీరొచ్చే లోపు వెన్ను ఫొటోలు ఇక్కడే పెడితే ఎంత పని ఉందో చెబుతా. తెచ్చేటప్పుడు గోనె సంచిలో వేయకండి. చిన్న అట్టపెట్టెల్లో, నిలువుగా, మరీ బిగువు కాకుండా పేర్చండి. ఆదివారం షాపు ఉండదు.